రాయ్‌పూర్ పిన్‌కోడ్‌లో లెక్క ఉంది, జాతకం లేదు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ ప్రధాన తపాలా కార్యాలయం పిన్‌కోడ్ 492001. దేశంలో పిన్‌కోడ్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 4 పశ్చిమ మండలాన్ని, 49 ఛత్తీస్‌గఢ్‌ను, 492 రాయ్‌పూర్ విభాగాన్ని సూచిస్తాయి. తపాలా శాఖకు అంతవరకే పని. గణితానికి మాత్రం పని అక్కడే మొదలవుతుంది.

492001 ప్రధాన సంఖ్యేనా? దాని వర్గమూలం 701 కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి 701 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 126 ఉన్నాయి. అయితే అంత దూరం పోనక్కర్లేదు. 11వ ప్రధాన సంఖ్య 31 దగ్గరే శేషం సున్నా వస్తుంది. మిగిలిన 15871ని 59 భాగిస్తుంది. చివరికి 492001 = 31 × 59 × 269. అంటే ఇది మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం. రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729 కూడా అలాంటిదే: 7 × 13 × 19.

ఇంకో విశేషం చూడండి. 492001కి ఎనిమిది కారణాంకాలు ఉన్నాయి. వాటన్నిటినీ కూడితే 32 × 60 × 270, అంటే 518400 వస్తుంది. అది సరిగ్గా 720 × 720. ఆ 720 మళ్లీ 1 నుంచి 6 వరకు ఉన్న సంఖ్యల లబ్ధం. పిన్‌కోడ్‌లోనూ ఆరు అంకెలే!

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఈ పొందిక నిజమే, కానీ రాయ్‌పూర్‌కూ దానికీ సంబంధం లేదు. ఒక సంఖ్యకు ఎన్నో లక్షణాలు వెతికితే ఏదో ఒకటి ముచ్చటగా కుదురుతుంది. పక్కనున్న 492002 సరి సంఖ్య, ఈ అందమంతా అక్కడ మాయం.

సంఖ్యాశాస్త్రం పేరుతో బండి నంబరుకూ ఫోను నంబరుకూ వేలకు వేలు పోసేవాళ్లు ఈ తేడా గమనించాలి. వాళ్లు అంకెలు కూడతారు: 4+9+2+0+0+1 = 16, మళ్లీ 1+6 = 7. అదే సంఖ్యను కంప్యూటర్‌లా 0, 1లతో రాస్తే అంకెల మొత్తం 9 అవుతుంది. రాత మారితే అదృష్టం కూడా మారుతుందా? 31, 59, 269 మాత్రం ఏ పద్ధతిలో రాసినా మారవు. అంకెల మొత్తానికీ ఒక ఉపయోగం ఉంది: 3తో, 9తో భాగింపబడుతుందో లేదో చెబుతుంది. 10ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టే ఆ కిటుకు పనిచేస్తుంది. అందులో మహిమ లేదు, కారణం ఉంది.

అందుకే నా సూచన: ఆరో తరగతి నుంచే పిల్లలచేత తమ ఊరి పిన్‌కోడ్‌ను కారణాంకాలుగా విడగొట్టించాలి. హైదరాబాద్ పిల్లలు 500001ని 3 భాగిస్తుందని చూడగానే చెప్పేస్తారు. రాయ్‌పూర్ పిల్లలు 31 దాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక వృథా పోదు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం కష్టం. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి ఆ కష్టం మీదే నిలబడింది. 250 అంకెల అలాంటి ఒక సంఖ్యను 2020లో గానీ విడగొట్టలేకపోయారు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేస్తేనే.

సంఖ్యను చూసి భయపడే పిల్లవాడూ, మొక్కే పెద్దమనిషీ చేసేది ఒకటే తప్పు. ఇద్దరూ దాన్ని భాగించి చూడలేదు.