ఆట బాగుంది, చదివిందెవరు?

ప్రాథమిక తరగతుల్లో చదవడం ఎలా నేర్పాలని అడిగితే ఇవాళ ఎక్కడికెళ్లినా ఒకటే జవాబు: కృత్యాలు చేయించండి, ఆడుతూ పాడుతూ వాళ్లే చదివేస్తారు. టీచర్ల శిక్షణల్లో ఇదే మాట, టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాల్లో ఇదే మాట, ప్రైవేటు బడి బ్రోషర్లో రంగుల బొమ్మ పక్కన ఇదే మాట. తరగతి సందడిగా ఉంటే పాఠం బాగా సాగినట్టు, పిల్లలు నవ్వితే నేర్చుకున్నట్టు లెక్క. ఈ లెక్క తప్పంటాను. మనం చేయిస్తున్న చదువు కృత్యాల్లో చాలావాటిలో అన్నీ ఉంటాయి, చదవడం తప్ప.

చేపల ఆటనే తీసుకోండి. అట్టతో చేపలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక అక్షరం రాసి, మూతికి జెమ్ క్లిప్పు తగిలిస్తారు. కర్రకు దారం, దారం కొసన అయస్కాంతం. పిల్లవాడు వచ్చి గాలం వేసి చేపను పట్టి, దాని మీది అక్షరం చెప్పాలి. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ పీరియడ్ 45 నిమిషాలు, పిల్లలు 30 మంది అనుకుందాం. తలకు నిమిషంన్నర. అందులో నిమిషానికి పైగా గాలం గురి కుదరడానికే పోతుంది. అక్షరంతో వాడికి పని పడేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్తలోనూ వెనక నుంచి ముగ్గురు ‘మ, మ’ అని అరుస్తుంటారు, వీడు చేప వంక చూడకుండానే ‘మ’ అనేస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. మిగిలిన సమయమంతా వాడు ప్రేక్షకుడు. పాపం, ఆ చేపలు చేయడానికి టీచరమ్మ ఆదివారం సాయంత్రమంతా కత్తెర పట్టుకుని కూర్చునే ఉంటుంది.

అభినయ గేయం సంగతీ అంతే. చార్టు మీద పాట రాసి గోడకు తగిలిస్తారు. సారు కర్రతో ఒక్కో మాటా చూపిస్తుంటే పిల్లలు చేతులు తిప్పుతూ పాడతారు. కర్ర రెండో పాదంలో ఉండగానే పాట నాలుగో పాదానికి చేరిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. పాట అయ్యాక మూడో పాదంలో నడిమి మాట మీద వేలుపెట్టి ‘ఇదేంటమ్మా?’ అని ఒక పిల్లను అడిగి చూడండి. ఆ పిల్ల మొదటి పాదం నుంచి లోలోపల పాడుకుంటూ, మాట మాటకూ వేలు జరుపుకుంటూ అక్కడిదాకా వచ్చి జవాబు చెబుతుంది. ఎంత తెలివి! ఆ తెలివంతా చదవకుండా గట్టెక్కడానికే ఖర్చయిపోతోంది. చార్టు తీసేసి అదే మాటను బల్ల మీద సుద్దముక్కతో రాస్తే గుర్తుపట్టలేదు.

కృత్యాధార బోధన మనకు కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలోనే ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదలైంది. చేసి నేర్చుకోవడం, జట్టు పని, పిల్లల మధ్య తేడాలను గమనించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటితో గదిని అలంకరించడం వంటి సూత్రాలు దానివి. వాటిలో వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే గోడకు వేలాడేది తనిఖీకి వచ్చినవాళ్ల కంట పడుతుంది, ఫొటోకు అందుతుంది. అందుకని అదొక్కటీ నిలిచింది. పిల్లల మధ్య తేడాలు గమనించడమన్నది ఫొటోలో పడదు కదా.

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడి నుంచి వచ్చిన కార్డుల పద్ధతికీ ఇదే గతి పట్టింది. పిల్లవాడు తన మెట్టు కార్డు తానే తీసుకుని, తానే చదివి, పై మెట్టుకు పోవాలన్నది అందులోని కీలకం. అన్ని తరగతులకూ ఒకే టీచరున్న బడికి అంతకన్నా కావలసిందేముంది? చూసివచ్చిన వాళ్లలో చాలామంది వెంట తెచ్చుకున్నది రంగులూ, లామినేషనూ.

ఫలితం ఏమిటో గ్రామీణ భారతంలో జరిగే అసర్ సర్వే చెబుతోంది. రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు దేశం మొత్తం మీద 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. కొవిడ్ దెబ్బ నుంచి తేరుకున్నామని సంబరపడేవాళ్లు, దెబ్బ తగలకముందూ సగమేనన్న సంగతి మరుస్తున్నారు. దీనికంతటికీ కృత్యాలే కారణమని నేననను. పేదరికం, టీచర్ల కొరత, బడికి రాని రోజులు, ఇంట్లో ఒక్క పుస్తకమైనా లేకపోవడం, ఎన్ని లేవు! కానీ బడిలో ఉన్న ఆ కాసేపూ మన చేతిలోదే.

పైగా మన లిపికి చాలా సాధన కావాలి. ‘క’ వచ్చినంత మాత్రాన ‘కి’ రాదు, ‘కి’ వచ్చినా ‘క్కి’ రాదు. గుణింతం, వత్తు కలిస్తే పిల్లవాడి కంట పడే రూపాలు వందల్లోకి వెళతాయి. మన లిపికి అక్కచెల్లెలైన కన్నడం చదివే పిల్లల మీద సొనాలి నాగ్ పరిశోధన చేసి 2007లో ప్రచురించారు. అక్షరరూపాల మీద పట్టు రావడం ఒకటి రెండు తరగతులతో ముగియదని, ఆ పైతరగతుల్లోనూ సాగుతూనే ఉంటుందని తేల్చారు. 26 అక్షరాల భాషకు పుట్టిన ‘రోజుకో అక్షరం’ ఆటను తెచ్చి ఇక్కడ పరిస్తే, వత్తుల దాకా వచ్చేసరికి హైస్కూలు వచ్చేస్తుంది.

‘అయితే మళ్లీ బెత్తం పట్టమంటారా?’ అని అడుగుతారు. లేదు. గుణింతాలన్నీ అప్పజెప్పేదాకా చేతికి పుస్తకమివ్వని పాతకాలపు సారూ పిల్లల్ని చదవనివ్వలేదు. విసుగు పుట్టించి ఆయన ఆపాడు, వినోదం పంచి మనం ఆపుతున్నాం. కథలు చెప్పడం, పాటలు పాడించడం మానమనీ అనడం లేదు. వాటివల్ల మాటలు పెరుగుతాయి, రేపు చదివింది అర్థం కావడానికి అవే ఆధారం. వాటి పీరియడ్ వాటికి ఇవ్వండి, చదివే గంటలోంచి తీసుకోవద్దు.

చదివితే తప్ప ఆడలేని ఆటలు ఉన్నాయి, ఖర్చు కూడా లేదు. పాత నోటుపుస్తకం కాగితాలు చీటీలుగా చించి ఒక్కోదాని మీద ఒక్కో ఆజ్ఞ రాయండి. అందరికీ ఒకేసారి పంచండి. పైకి చదవకూడదు, పక్కవాడికి చూపకూడదు, చీటీలో ఉన్నది చేసి చూపాలి. ఒకరికి ‘పలక చూపు’, ఇంకొకరికి ‘పిలక చూపు’. ఒకరికి ‘బడి గీయి’, ఇంకొకరికి ‘బండి గీయి’. గుడి గుర్తు చూడనివాడు పిలక బదులు పలక ఎత్తుతాడు, గదంతా గొల్లుమంటుంది. వాడు గబగబా చీటీ మళ్లీ చూస్తాడు. ఆ రెండోసారి చూడటమే నాకు కావలసింది. ముప్పై మందీ ఒకేసారి చదువుతున్నారు, ఎవరు చదవలేకపోతున్నారో టీచరుకు అప్పటికప్పుడే తెలిసిపోతోంది. చీటీలు మార్చుకుంటే మళ్లీ కొత్త ఆట.

పిల్లలకు ఆసక్తి ముందు పుట్టాలి, చదువు తర్వాత వస్తుందనే వాళ్లు తరచూ విద్యావేత్త గిజుభాయి రాసిన ‘పగటికల’ పుస్తకాన్ని సాక్ష్యానికి తెస్తారు. అందులో మేష్టారు కథలతో మొదలుపెట్టిన మాట నిజమే. కానీ ఆయన అక్కడే ఆగలేదు, పాఠ్యపుస్తకాలు కొనే డబ్బుతో తరగతికి కథల పుస్తకాల గ్రంథాలయం పెట్టించాడు. మన ఉపన్యాసాల్లో ఆ భాగం ఎందుకో జారిపోతుంది.

పుస్తకాలు మనకూ లేకపోలేదు. సర్కారు పంపినవి ఉన్నాయి, దాతలిచ్చినవి ఉన్నాయి, మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వేసిన సన్నసన్న బొమ్మల కథలున్నాయి. చాలా బడుల్లో అవి హెచ్ఎం గదిలో బీరువాలో, తాళం వెనక భద్రంగా ఉన్నాయి. హెచ్ఎంను తప్పుపట్టి లాభం లేదు. పుస్తకం చిరిగినా పోయినా స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఒకటో తరగతి పిల్ల చేతికి పుస్తకమిస్తే చిరగకుండా ఎలా ఉంటుంది? విద్యాశాఖకు నా మాట ఒకటే: ఏటా కొన్ని పుస్తకాలు వాడకంలో పోతాయని ఒప్పుకుని, వాటిని రిజిస్టరులోంచి కొట్టేసే అధికారం హెచ్ఎంకే ఇస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే టీఎల్ఎం మేళాకు అట్టలకూ జిగురుకూ అయ్యే డబ్బు, ఆ పోయిన పుస్తకాల బదులు కొత్తవి కొనడానికి పంపండి.