తీరిక వేళ: రాలిన ఆకుకు ఒక పుట

పిల్లల ఇంగ్లీషు పుస్తకాల్లో ఆకులు రాలే కాలమంటే అక్టోబరు. అది చలిదేశాల లెక్క. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణ మాసాల్లో. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బెంగుళూరు వీధుల్లో పొద్దున్నే నడిస్తే బాదం చెట్ల కింద ఎర్రటి ఆకులు పరచుకుని కనిపిస్తాయి.

ఈ ఎరుపు ఎక్కడిది? మా బ్యాంకు భాషలో చెబుతాను. ఖాతా మూసే ముందు చెట్టు ఆకులోని నిల్వను వెనక్కి తీసుకుంటుంది. పత్రహరితం విరిగిపోయి, నత్రజని వంటి పోషకాలు కొమ్మలోకి చేరతాయి. అడుగున దాగిన పసుపు బయటపడుతుంది. ఆంథోసయనిన్ అనే ఎరుపు కొత్తగా తయారవుతుంది.

ఆ రంగు నిలవాలంటే రాలిన రోజే ఆకును తెచ్చి, తడి తుడిచి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి బరువు ఉంచాలి. మొదటి వారం రోజూ కాగితం మార్చాలి. మెరుపు కాగితం తడి పీల్చదు, వద్దు. రెండు మూడు వారాల్లో ఆరుతుంది. తర్వాత ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, వానాకాలం చెమ్మ తగిలితే బూజు పడుతుంది.

పెరట్లో కొమ్మలు కత్తిరించినప్పుడు ఒకటి దాచుకోవాలంటే మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక వంతు, వేడినీళ్ళు రెండు వంతులు కలిపి, కాడ చివర చితక్కొట్టి అందులో నిలబెట్టండి. రెండు మూడు వారాల్లో ఆకులు గోధుమరంగుకు తిరుగుతాయిగానీ పెళుసుబారవు. రాలిన ఆకులకు ఇది పనిచేయదు.

రావి ఆకును (ఇక్కడివారి అరళి) నీళ్ళు మారుస్తూ నెలరోజులు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా రుద్దితే ఈనెల వల మాత్రం మిగులుతుంది. దానిమీద పిల్లలు బొమ్మలు వేయవచ్చు.

1760లో హైదరలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు పిల్లలను తీసుకెళ్ళి చెట్లను చూపించండి. అక్కడ ఆకులు కోయకండి.

ప్రతి ఆకు కింద చెట్టు పేరు తెలుగులో, వీధి, తేదీ రాయించండి. మా వీధి మలుపులోని బాదం చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. ఆ చెట్టు ఉండేదనడానికి మా అమ్మాయి నోటుబుక్కులోని ఆకు ఒక్కటే సాక్ష్యం. ఇంట్లో తెలుగు మాట్లాడినా, చెట్టు పేరు అడిగితే మన పిల్లలు 'ట్రీ' అనే అంటున్నారు. ఈ శిశిరంలో ఒక్కొక్కరి చేత పది ఆకులు పోగుచేయించండి. పది పేర్లు వస్తాయి.