యూనిఫాం మీద నవ్వొద్దా?

మన కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు పెద్ద నీళ్లంటే మానేరు డ్యామ్, కడెం ప్రాజెక్టు. సముద్రం చూడాలంటే టూరుకైనా పోవాలి, సినిమాకైనా పోవాలి. అయినా ఈసారి ఒక నేవీ కామెడీ గురించే రాస్తున్నా.

పేరు 'అప్ ద క్రీక్'. వాల్ గెస్ట్ 1958లో తీసిన బ్రిటిష్ బ్లాక్ అండ్ వైట్ సినిమా. హీరో డేవిడ్ టామ్లిన్సన్ రాకెట్ల పిచ్చి ఉన్న లెఫ్టినెంట్. మన ఈసీఈ, మెకానికల్ బ్యాచ్‌లకు బాగా దగ్గరోడు! అతని ప్రయోగాలు భరించలేక పైవాళ్లు ఒక మూలన పడేసిన పాత ఓడకు పంపిస్తారు. అక్కడ పీటర్ సెల్లర్స్ నాయకత్వంలో ఓడంతా ఒక దుకాణం. పందులు, కోళ్లు, లాండ్రీ, నేవీ సామాను అమ్మకాలు! అంతలో అడ్మిరల్ తనిఖీకి వస్తాడు. ఇక చూడాలి హడావుడి. ఇన్‌స్పెక్షన్ ముందురోజు రాత్రికి రాత్రే గోడలకు రంగులు పడే కాలేజీలు ఎక్కడైనా ఉంటే, వాళ్లకు ఈ సీన్ విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి 13 ఏళ్లే. వేలమంది నావికులను పోగొట్టుకున్న దేశం తన నేవీని చూసి తనే నవ్వుకుంది. దాంతో నేవీ పరువేం పోలేదు.

మన దగ్గర సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' (2017) తీశారు. 1971 యుద్ధం మీద మంచి సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది. అట్లాంటివి రావాలి. కానీ మన సినిమాల్లో నవ్వులపాలయ్యేది ఎప్పుడూ పాపం కానిస్టేబులే. మిలిటరీ యూనిఫాం కనపడిందంటే మ్యూజిక్ మారిపోతుంది, అందులో ఉన్న మనిషి మాయమవుతాడు.

"ప్రాణాలిచ్చేవాళ్ల మీద జోకులా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ సినిమా త్యాగాన్ని చూసి నవ్వదు. హోదాలను, కాగితాలను, తనిఖీ నాటకాలను చూసి నవ్వుతుంది. చావు ఇంటికంటే గంభీరమైన చోటు ఏముంటుంది? సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 'బలగం' (2023)లో ఆ ఇంట్లోనే నల్లి బొక్క గొడవతో నవ్వించాడు, అదే ఇంట్లో ఏడిపించాడు. పోయిన మనిషికి మర్యాద ఏమన్నా తగ్గిందా?

మనం మనస్ఫూర్తిగా నవ్వేది మనవాళ్లనుకున్నోళ్ల మీదనే. దూరపోళ్లకు సెల్యూట్ కొట్టి ఊరుకుంటాం.

మన షార్ట్ ఫిల్మ్ టీమ్‌కు ఒక మాట: ఓడ అక్కర్లేదు. ఎన్‌సీసీ క్యాంపు చాలు. రాయండి.