మొదటి మలుపులో అంత తొందరెందుకు?

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. వాడిది దేవరకొండ. ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. "అన్నా, నన్ను తీసేసిన్రే" అన్నాడు. అసలే రోజులు బాగాలేవు కదా, ఉద్యోగం పోయిందేమో అని గుండె గుభేల్మంది. తీరా చూస్తే తీసేసింది ఆన్‌లైన్ రేసు రూములోంచి!

నవ్వాను గానీ, వాడు చెప్పింది విన్నాక నవ్వు ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో స్టీరింగు వీలు కొన్నాడు. నెల రోజులు ఒక్కడే ప్రాక్టీసు చేశాడు. ధైర్యం చేసి పదిమందిలోకి వెళ్తే రెండు రేసుల్లోనూ మొదటి మలుపులోనే ఎవరినో గుద్దాడు. మూడోసారి రూము నడిపేవాడు "పల్లెటూరి నెట్టు వేసుకుని రేసులకెందుకు వస్తరు" అని నలుగురి ముందూ అని బయటికి నెట్టాడట. అన్నది ఏ జర్మనీవాడో కాదు. హైదరాబాదులో కూర్చున్న మనలాంటి సాఫ్ట్‌వేరు మనిషే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తప్పు ఇద్దరిదీ ఉంది. కానీ మావాడిది తెలియక చేసిన తప్పు, రెండోవాడిది తెలిసి చేసిన తప్పు.

సిమ్ రేసింగ్ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. నీడ్ ఫర్ స్పీడ్‌లో గోడకి రాసుకుంటూ పోయినా గెలవచ్చు. ఇక్కడ కుదరదు. టైర్లు వేడెక్కాలి, పెట్రోలు బరువు లెక్కలోకి వస్తుంది, బ్రేకు కాస్త ఎక్కువ తొక్కితే చక్రం లాక్ అవుతుంది. పైగా పక్కన ఉన్నది కంప్యూటర్ కాదు, ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిని కూర్చున్న ఇంకో మనిషి.

నేను మొదలుపెట్టింది 2020 లాక్‌డౌన్‌లో, నల్గొండలో మా ఇంట్లో ఉన్నప్పుడు. ఆ మార్చిలో అసలు రేసులు ఆగిపోయి ఫార్ములా వన్ వాళ్ళే వర్చువల్ రేసులు పెట్టారు. అవి చూసి నాకూ సరదా పుట్టింది. నా మొదటి రేసులో ఏం జరిగిందంటే... మావాడు చేసిందే నేనూ చేశాను. నాతోపాటు ఇంకో ముగ్గురు గడ్డిలోకి!

ఎందుకలా అవుతుందో అప్పుడు అర్థం కాలేదు. ఒక్కళ్ళమే ప్రాక్టీసు చేసినప్పుడు "వంద మీటర్ల బోర్డు దగ్గర బ్రేకు" అని కాలికి అలవాటైపోతుంది. రేసు మొదలవగానే లెక్క మొత్తం మారుతుంది. టైర్లు చల్లగా ఉంటాయి, పట్టు తక్కువ. ముందు కారు గాలిని చీల్చుకుపోతుంది కాబట్టి దాని వెనక మనకి గాలి అడ్డు తగ్గి, మామూలుకన్నా వేగంగా మలుపు దగ్గరకు చేరతాం. రెక్కలున్న కార్లయితే ఆ గాలి తక్కువవడం వల్లే నేలకి అదిమే బలం కూడా తగ్గుతుంది. అన్నిటికీ మించి, ఇరవై కార్లు ఒకే సందులోకి దూరాలి కాబట్టి ముందువాడు మనం అనుకున్న చోటికన్నా ముందే బ్రేకు వేస్తాడు, వాడి వెనకవాడు ఇంకా ముందు వేస్తాడు. మనం మాత్రం ఆ బోర్డు కోసం చూస్తూ వెళ్ళి డిక్కీలో దూరతాం.

ఇక నెట్టు సంగతి. ఇది మనవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, రూములు నడిపే మనవాళ్ళే మరిచిపోతున్నారు. మీ తెర మీద కనబడే పక్కవాడి కారు నిజానికి అక్కడ లేదు. వాడి కంప్యూటరు పంపిన చివరి పాకెట్‌ని బట్టి ఇప్పుడు ఎక్కడ ఉండొచ్చో మీ కంప్యూటరు వేసుకున్న అంచనా అది. గంటకి 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 55 మీటర్ల పైన. వంద మిల్లీసెకన్ల ఆలస్యమంటే అయిదున్నర మీటర్లు, అంటే దాదాపు ఒక ఫార్ములా వన్ కారు పొడవు. కాబట్టి మీకు "తగల్లేదు" అనిపించింది వాడికి తగిలి ఉండొచ్చు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు!

కానీ ఆలస్యం నిలకడగా ఉంటే ఆ అంచనా బాగానే పనిచేస్తుంది. 150 దగ్గర కదలకుండా ఉన్న పింగ్‌తో హాయిగా రేసు చేయొచ్చు. 40కీ 200కీ మధ్య ఊగుతూ పాకెట్లు పోగొట్టుకునే కనెక్షనే ప్రమాదం. మావాడి సమస్య అదే. రౌటరు ముందు గదిలో, వీడు మేడ మీద, మధ్యలో రెండు గోడలు. వైఫై తీసేసి పొడవాటి లాన్ కేబులు లాగించాను. కొన్ని వందల రూపాయల ఖర్చు. ఊగడం ఆగిపోయింది. దేవరకొండ నెట్టు చెడ్డదేమీ కాదు, మాదాపూర్లో మేడ మీద వైఫై పెట్టుకున్నా ఇదే గొడవ. రూములోంచి తోసేసే ముందు "తమ్ముడూ, వైఫైనా, కేబులా?" అని ఒక్క ముక్క అడిగితే పోయేదేముంది?

కొత్తవాళ్ళకీ కొన్ని మాటలు చెప్పాలి. మొదటి పది రేసులు గెలవడానికి వెళ్ళకండి, ముగించడానికి వెళ్ళండి. చివరి స్థానం నుంచి మొదలుపెట్టండి. మొదటి మలుపులో ముందున్న ముగ్గురు ఎలాగూ గుద్దుకుంటారు, మీరు నెమ్మదిగా పక్కనుంచి పోతే చాలు. నాకైతే అలా ఉచితంగా వచ్చిన స్థానాలే ఎక్కువ :)

2008లో మొదలైన ఐరేసింగ్‌లో ఒక పద్ధతి ఉంది. రూకీ నుంచి పైకి లైసెన్సులు ఎక్కాలంటే వేగం చాలదు, గుద్దకుండా నడపాలి. ఇద్దరు గుద్దుకుంటే తప్పెవరిదని చూడకుండా ఇద్దరికీ పాయింట్లు పడతాయి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ "తప్పు వాడిది, నాకెందుకు?" అని మండిపడతాడు. నేనూ మండిపడ్డాను. తర్వాత తెలిసొచ్చింది. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఎవడు పడగొట్టాడని వెతకడం కన్నా ఎలా ఆపగలిగేవాళ్ళమని చూస్తే పని జరుగుతుందని ఆఫీసులో మనమే చెప్తాం కదా, ఇదీ అంతే. రేసు అయ్యాక రీప్లే పెట్టి, అవతలివాడి కారులోంచి చూడండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

డబ్బు మాట. ముందే వీలు కొనకండి. కొత్త లాజిటెక్ వీలు, పెడల్స్ అంటే పాతిక వేల పైమాటే. పాలమూరులో చాలా ఇళ్ళల్లో అది రెండు నెలల సంపాదన. జడ్చర్ల నుంచి వచ్చే నా కొలీగు ఒకడు వీలు, స్టాండు, సీటు అన్నీ ఈఎమ్‌ఐలో తెచ్చుకున్నాడు. నాలుగు రేసులయ్యాక మానేశాడు. ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. గేమ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టొచ్చు. లైవ్ ఫర్ స్పీడ్ డెమో పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది, రేస్‌రూమ్‌లో కొన్ని కార్లు, ట్రాకులు ఉచితం. రెండు నెలలు ఆడాక కూడా ఆసక్తి ఉంటే అప్పుడు చూడండి.

"ఆటకి ఇంత చర్చా?" అంటారు కొందరు. 2020 మేలో ఫార్ములా ఈ వర్చువల్ రేసులో డేనియల్ అబ్ట్ తన బదులు ఒక సిమ్ రేసర్‌ని కూర్చోబెట్టాడు. బయటపడ్డాక నిర్వాహకులు డిస్‌క్వాలిఫై చేసి పదివేల యూరోలు ధర్మానికి ఇమ్మన్నారు, ఆడీ జట్టు సస్పెండ్ చేసింది. ఆట మీద అబద్ధమాడినందుకు అసలు సీటుకే ఎసరొచ్చింది. అదే ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ పక్కకే వచ్చింది. అందులో జాగ్వార్ డ్రైవర్ శామ్ బర్డ్ మలుపు లోపలికి దూరబోయి సొంత జట్టువాడు మిచ్ ఎవాన్స్‌నే గుద్దేశాడు. అంత పెద్దవాళ్ళే తప్పు చేస్తుంటే, దేవరకొండ కుర్రాడు మూడో రేసుకే తప్పుల్లేకుండా నడపాలా?

నాకు ఇది ఆట కన్నా కాస్త ఎక్కువ అనిపించడానికి ఇంకో కారణం ఉంది. మా జిల్లా వాళ్ళం విజయవాడ రోడ్డు పక్కన పుట్టినవాళ్ళం. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఏ ఊళ్ళో అడిగినా ఆ రోడ్డు మీద పోయిన మనిషి ఒకరుంటారు. 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ గారి ప్రాణం తీసిన ప్రమాదం జరిగింది మా నల్గొండ పక్కన అన్నెపర్తి దగ్గరే. సిమ్ రేసింగ్ మొదలుపెట్టాక నేను రోడ్డు మీద నెమ్మదించాను. ముందు కారుకి దూరం ఎందుకు వదలాలో పుస్తకం చదివితే ఎక్కలేదు గానీ, తెర మీద పదిసార్లు గుద్దాక ఎక్కింది. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎవడైనా సందులో దూరుతుంటే ఇప్పుడు కోపం రాదు, దారిచ్చేస్తాను. అందరికీ ఇలాగే అవుతుందని అనను. వేగం పిచ్చి పెరిగేవాళ్ళూ ఉంటారు. కానీ రూములో కొత్తవాడికి ఓపిగ్గా నేర్పితే ఒకలా తయారవుతాడు, తిట్టి తరిమితే ఇంకోలా తయారవుతాడు. వాడు తెల్లారి బండి తీసుకుని వెళ్ళేది అదే రోడ్డు మీదికి.

అందుకే రూములు, లీగులు నడిపే మనవాళ్ళకి నా మనవి. వారంలో ఒక్క రాత్రి కొత్తవాళ్ళకి వదలండి. పాతవాళ్ళు ఇద్దరు వెనక ఉండి చూడండి. గుద్దితే ఎందుకు గుద్దాడో చెప్పండి, రెండోసారీ చెప్పండి. ఆ తర్వాత కూడా కావాలనే చేస్తే నిరభ్యంతరంగా తీసేయండి.

మొన్న శనివారం మావాడిని వేరే రూముకి తీసుకెళ్ళాను. పద్దెనిమిది మందిలో పద్నాలుగో స్థానం. "అన్నా, ఒక్కర్ని గూడ గుద్దలే!" అని అర్ధరాత్రి ఫోను. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు మీద రౌటరు నడిచిందట, అది కూడా పెద్ద విజయమే వాడికి.

మీలో రూములు నడిపేవాళ్ళుంటే చెప్పండి, కొత్తవాళ్ళని మీరు ఎలా రానిస్తున్నారు?