మాలర్‌ను ఫోనులో వినుట

వికారాబాదు జిల్లా బంట్వారమునఁ గందిచేని గట్టున కూర్చుండి అరచేతిలోని ఫోనులో పాశ్చాత్య స్వరకర్త గుస్తావ్ మాలర్ ప్రథమ సింఫనీని వినఁబూనిన నాకుఁ దొలి నిమిషము నిశ్శబ్దముగనే గడచినది. తంత్రీవాద్యములన్నియు నొకే స్వరమును ఏడు స్థాయిలలో అతిమృదువుగాఁ బట్టి నిలుపఁగా, వేదిక వెనుకనుండి బాకాలు లీలగా వినవచ్చు నా ఘట్టమును ఫోను స్పీకరు మ్రింగివేసినది.

1889 నవంబరు 20న బుడాపెస్టులో ఈ కృతిని తొలిసారి విన్నవారిని కలవరపెట్టినది శవయాత్రాఘట్టము. అందు మాలర్ ఒక పిల్లల పాటను విషాదస్వరములోనికి మార్చి, ఒంటరి డబుల్ బేసుతో నారంభించి, నడుమ వీధిబ్యాండు పోకడను చొప్పించినాఁడు. నాగరికులకది అపచారముగాఁ దోఁచెను కాబోలు. చావుడప్పు వినుచుఁ బెరిగిన మా ప్రాంతమువారికి అందు వింత యేమియు లేదు.

కావున నిది పరాయి సంగీతమను మాటను నేనంగీకరింపను. మనకుఁ గొఱవడినది నూరు వాద్యము లొక్కపెట్టున మ్రోఁగు సభ మాత్రమే. ముంబయిలో 2006లో నేర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను ప్రభుత్వము ఏఁటికొకసారి హైదరాబాదునకు రప్పించి, వికారాబాదు, తాండూరు విద్యార్థులకుఁ గొన్ని టికెట్లు చౌకగా నీయవలెను. తిరుగు రైలు దొరకునట్లు కచేరీని సాయంత్రము అయిదింటికే మొదలిడిన మఱియు మేలు.