నడిచేవాళ్లు లెక్కలోకి రారా?

మా రంపచోడవరం మన్యంలో రైలు పట్టాలు లేవు. రైలు గేటు గురించి మీకేం పని అని కొందరు అడగవచ్చు. పెద్దాసుపత్రికైనా, కూలికైనా, పిల్లల చదువుకైనా మావాళ్లు దిగేది కాకినాడలోనే. బస్సు దిగాక ఆటోకి డబ్బులుండవు, నడుస్తారు. గేటు పడితే బండి ఆగుతుంది, మనిషి వంగి దూరతాడు. దూరినవాణ్ణి అందరూ తిడతారు. మేమూ మా పిల్లలకు దూరొద్దనే చెబుతాం. కానీ అతనికి వేరే దారి ఎందుకు లేదో కూడా అడుగుతాం.

రైల్వేవారికి ఒక లెక్క ఉంది. గేటు మీదుగా పోయే రైళ్ల సంఖ్యను బండ్ల సంఖ్యతో గుణిస్తారు. దాన్ని టీవీయూ అంటారు. కారు, లారీ, ఎడ్లబండి ఒక్కొక్కటి ఒక యూనిట్. ఆటో అర యూనిట్. నడిచే మనిషి సున్నా. ఎడ్లబండి లెక్కకొస్తుంది, దాని వెనక నడిచే రైతు రాడు. ఈ లెక్క లక్ష దాటితేనే రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చుతో వంతెన కట్టే మాట. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే అని మేము బడిలో చెబుతాం. మనుషుల్ని కూడా అలాగే గుణిస్తారని అనుకోలేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లు తీసేశారు. మంచిదే. కానీ 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు దగ్గర, కాపలా ఉన్న గేటులోనే బడి వ్యాను నలిగింది, ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ గేటుకు ఇంటర్‌లాకింగ్ లేదు. అది ఉంటే గేటు పడనిదే రైలుకు సిగ్నల్ రాదు. ఆ తర్వాతే ఇంటర్‌లాకింగ్ హద్దును 20,000 టీవీయూ నుంచి 10,000కు దించారు. హద్దు కదలడానికి ముందు పిల్లలు పోవాలా?

వంతెన వచ్చిందంటే గేటు మూసేస్తారు. చక్రాలు పైనుంచి పోతాయి. నెత్తిన మూటతో, చంకన బిడ్డతో ఉన్న మనిషి అంత చుట్టు తిరగలేక పట్టాలే దాటుతుంది. అప్పుడు రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆమె నేరస్థురాలు. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా. లెక్కకు రాని మనిషి శిక్షకు మాత్రం వస్తుంది!

గేట్‌మన్‌ను తిట్టి ఊరుకుంటే ఇది మారదు. మేము అడిగేవి మూడే. గేటు దగ్గర మనుషుల్నీ లెక్కపెట్టండి. టీవీయూ ఎంతైనా ప్రతి గేటుకూ ఇంటర్‌లాకింగ్ పెట్టండి. వంతెనతో పాటే కాలినడక దారి పూర్తి చేయండి, అంతవరకు గేటు మూయకండి.

మా కాళ్లు కూడా మీ రోడ్డు మీదే నడుస్తున్నాయి.