సరిహద్దు దాటినా చెల్లే హక్కు

హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ జాతీయ రహదారి గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాలపట్నంలో ముగుస్తుంది. ఏటా మిరప కోతలకు బీజాపూర్ కూలీలు తెలంగాణ చేలకు వస్తారు. తెలంగాణ లారీ బీజాపూర్‌లో ఒకరిని ఢీకొన్నా, బీజాపూర్ కూలీ ములుగు దగ్గర లారీ కింద పడినా ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది?

ఆ సందేహమే అక్కర్లేదు. అమెరికాలో తప్పుతో నిమిత్తం లేని బీమా మిచిగన్, న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. మన దగ్గర దేశమంతటికీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒక్కటే. థర్డ్ పార్టీ బీమాకూ సరిహద్దుల్లేవు.

డ్రైవరు తప్పు రుజువు చేయకుండానే మృతుని కుటుంబానికి దక్కే పరిహారం మొదట్లో రూ.25,000. 1994లో అది రూ.50,000 అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ ప్రకారం మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు.

చిక్కంతా ఇక్కడే. 164 కింద సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుని డబ్బు తీసుకుంటే ట్రైబ్యునల్‌లో వేసిన క్లెయిము రద్దవుతుంది. నెలకు రూ.10,000 సంపాదించే 28 ఏళ్ల కూలీ చనిపోయి, అతని మీద నలుగురు ఆధారపడి ఉన్నారనుకుందాం. తప్పు లారీదేనని 166వ సెక్షన్ కింద రుజువు చేయగలిగితే, సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో స్థిరపరచిన లెక్క ప్రకారం ఆదాయ నష్టమే రూ.21 లక్షలు దాటుతుంది. చేతికందే రూ.5 లక్షలకు వేలిముద్ర వేసే ముందు ఈ తేడా తెలియాలి.

కేసు కోసం ప్రమాదం జరిగిన చోటికే తిరగనక్కర్లేదు. బాధితులు తమ నివాస ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనూ దరఖాస్తు చేయొచ్చు. సుప్రీంకోర్టులో సవాలును ఎదుర్కొన్నదే అయినా, చట్టం రాసిన గడువు ఆరు నెలలు. దాన్ని దాటనివ్వకపోవడమే క్షేమం. సమాచారం అందిన 48 గంటల్లో పోలీసులు తొలి ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. దాని ప్రతి బాధితుల దగ్గర ఉండాలి.

అయితే ఈ కూలీలు ఎక్కేది తరచూ బస్సు కాదు, సరుకుల వ్యాను. అందులో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు భారం వాహన యజమానిది. అతని దగ్గర ఏమీ లేకపోతే తీర్పు కాగితంగానే మిగులుతుంది.

చట్టం సరిహద్దులు చూడదు కానీ కాగితాలు చూస్తాయి. ములుగులో ఎఫ్ఐఆర్ తెలుగులో ఉంటుంది, బీజాపూర్‌లో కోర్టు వ్యవహారం హిందీలో నడుస్తుంది, బాధితుల ఇంట్లో మాట్లాడేది చాలాసార్లు గోండి. రెండు రాష్ట్రాల న్యాయ సేవాధికార సంస్థలు కోతల కాలంలోనైనా ఈ మూడు భాషల మధ్య వంతెన వేయాలి. కూలీలను పిలిపించే రైతులు, మేస్త్రీలు వారిని వ్యానులో కుక్కకుండా బస్సు ఎక్కించాలి. ఆ టికెట్టు ధర కన్నా చవకైన బీమా లేదు.